తేదీ దాటినా ఈనని గొర్రె: చూడితో ఉందా, ఖాళీగా ఉందా తేల్చుకోవడం ఎలా?

"మందలో దాదాపు అన్నీ ఈనేశాయి, రెండు మూడు మాత్రం అలాగే తిరుగుతున్నాయి, పొట్ట చూస్తే పెద్దగానే ఉంది, ఇంకా ఎదురు చూడాలా, ఖాళీవని తీసేయాలా?" ఈతల కాలం చివరికొచ్చేసరికి ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్తాను. పొట్ట చూసి తేల్చకండి. గొర్రెలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది పొట్టే. తేదీ లెక్క, పొదుగు, వెనక భాగం, ఈ మూడింటినీ కలిపి, అదీ ఒక్కరోజు కాకుండా వారం పది రోజులు వరసగా చూస్తేనే విషయం తెలుస్తుంది. పక్క గొర్రెతో పోల్చడం కాదు, ఆ గొర్రెని నాలుగు రోజుల కిందటి అదే గొర్రెతో పోల్చాలి.

తొందరపడితే నిండు చూడి గొర్రెని అమ్మేస్తారు, లేదా దాణా తగ్గించి తల్లినీ పిల్లనీ పోగొట్టుకుంటారు. మరీ ఆగితే, కడుపులో పిల్ల చచ్చిపోయిన గొర్రెని "ఇంకా టైం ఉందిలే" అంటూ చేతులారా చంపుకుంటారు. రెండోది ఇంకా బాధగా ఉంటుంది, ఎందుకంటే అది మీ కళ్ల ముందే జరుగుతుంది.

ఏమేం కావాలి

- పొట్టేలుని మందలో వదిలిన తేదీ, తీసేసిన తేదీ
- వాడి పారేసే చేతి తొడుగులు (ఇది తప్పనిసరి, ఎందుకో కింద చెప్తాను)
- టార్చి, థర్మామీటరు
- ఒంటి మీద గుర్తు పెట్టడానికి రంగు
- ఫోన్ కెమెరా, నోట్‌బుక్
- గొర్రెని కదలకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి
- పశువుల డాక్టరు నంబరు, అదీ ముందే రాసి పెట్టుకుని

1. ముందు లెక్క వేయండి, తర్వాతే గొర్రెని పట్టుకోండి

గొర్రె చూడి కాలం సగటున 147 రోజులు. 142 నుంచి 152 రోజుల మధ్య ఎప్పుడు ఈనినా మామూలే. మెరినో లాంటి జాతులు 150 దగ్గర ఈనుతాయి, త్వరగా ఎదిగే జాతులు కొంచెం ముందు ఈనుతాయి, కవలలుంటే ఒకటి రెండు రోజులు ముందే రావచ్చు.

దాదాపు అందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది. పొట్టేలుని వదిలిన రోజు నుంచి లెక్కపెట్టి, 147 రోజులు దాటగానే "తేదీ దాటిపోయింది" అంటారు. కట్టు నిలవకపోతే గొర్రె దాదాపు 17 రోజులకి మళ్లీ ఎదకు వస్తుంది. మొదటి ఎదలో చూడి కట్టనిది రెండో ఎదలో కట్టొచ్చు, మూడో ఎదలోనూ కట్టొచ్చు. అందుకని ఆలస్యాన్ని లెక్కపెట్టాల్సింది పొట్టేలుని తీసేసిన రోజు నుంచి.

ఉదాహరణ చూడండి. పొట్టేలుని ఆగస్టు 1న వదిలారు, సెప్టెంబరు 15న తీసేశారు. మొదటి రోజే కట్టిన గొర్రె డిసెంబరు 26 అటూ ఇటూగా ఈనాలి. చివరి రోజు కట్టినది ఫిబ్రవరి 9 దగ్గర ఈనాలి, ఇంకో ఐదు రోజులు వేసుకుంటే ఫిబ్రవరి 14. అంటే జనవరి మధ్యలో ఈనని గొర్రె ఆలస్యమైన గొర్రె కానే కాదు. నన్ను అడిగే వాళ్లలో చాలామందికి టెన్షన్ ఈ లెక్కతోనే తీరిపోతుంది.

పొట్టేలు రొమ్ముకి రంగు పూసి, 16-17 రోజులకోసారి రంగు మారుస్తూ ఉంటే ఏ గొర్రె ఏ ఎదలో దాటించుకుందో, అంటే పొట్టేలుతో కలిసిందో తెలుస్తుంది. అయితే రంగు పడిందంటే దాటిందనే అర్థం, చూడి నిలిచిందని కాదు. ఆ తర్వాత రెండో రంగు పడలేదంటేనే నిలిచి ఉండొచ్చని ఆశ పెట్టుకోవచ్చు.

పొట్టేలు ఏడాది పొడవునా మందలోనే ఉంటే మీకు తేదీ అనేదే లేదు, నేరుగా 3వ మెట్టుకి వెళ్లండి. ఇంకొకటి, మందలోనే పెరుగుతున్న మగపిల్లల్ని మర్చిపోకండి. నాలుగైదు నెలల మగపిల్ల కూడా గొర్రెని చూడి చేయగలదు. పెద్ద పొట్టేలుని తీసేశాం కాబట్టి ఫలానా తేదీ తర్వాత ఏదీ ఈనదు అనుకున్న చోట, నెల తర్వాత పిల్లలు పుట్టడానికి చాలాసార్లు ఇదే కారణం.

2. ఈనేసిందేమో, ఈచుకుపోయిందేమో (గర్భం పోయిందేమో) చూడండి

ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఈనలేదనుకున్న గొర్రెల్లో కొన్ని ఎప్పుడో ఈనేసి ఉంటాయి. రాత్రి ఈనితే పిల్లని కుక్కో నక్కో ఎత్తుకుపోవచ్చు. లేదా పక్క గొర్రె ఆ పిల్లని తనదిగా చేసుకుని ఉండొచ్చు. ఈనడానికి దగ్గరగా ఉన్న గొర్రెలు ఇతర పిల్లల్ని లాక్కోవడం చాలా మామూలు. ఒక గొర్రె దగ్గర అనుకోకుండా మూడు పిల్లలు కనిపిస్తే, లేదా పిల్లని నాకుతున్న గొర్రెకే పొట్ట తగ్గకుండా ఉంటే అనుమానించండి.

తొడుగులు వేసుకుని తోక ఎత్తి చూడండి. ఎండిన రక్తం, తోక బొచ్చుకి అంటుకున్న గోధుమ రంగు మరకలు, వేలాడే మాయ ముక్క కనిపిస్తే ఈ మధ్యే ఏదో జరిగింది. పొదుగు ఒకసారి నిండి మళ్లీ జారిపోయినట్టు వదులుగా ఉన్నా అదే అర్థం.

హెచ్చరిక: ఈచుకుపోయిన పిల్లనీ మాయనీ వట్టి చేతులతో ముట్టుకోవద్దు. క్లమీడియా, టాక్సోప్లాస్మా, బ్రూసెల్లా లాంటివి గొర్రెల్లో గర్భస్రావం చేస్తాయి, మనుషులకీ అంటుకోగలవు. గర్భవతులు ఈతల కాలంలో గొర్రెల దగ్గరికే వెళ్లకూడదు. ఆ బట్టలు ఉతకడం కూడా వేరేవాళ్లకి వదిలేయాలి. ఒకటికి మించి ఈచుకుపోతే పిల్లనీ మాయనీ పారేయకుండా డాక్టరుకి చెప్పి పరీక్షకి పంపించండి.

3. పొదుగు: ఎక్కువసేపు చూడాల్సింది ఇక్కడే

గొర్రెని నిలబెట్టి, వెనక నుంచి చెయ్యి పెట్టి పొదుగుని అరచేతిలోకి తీసుకోండి. ఖాళీ గొర్రె పొదుగు చేతికి మెత్తటి తోలు సంచిలా ఉంటుంది, లోపల పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పొదుగు చేస్తున్న గొర్రెలో లోపల కండలాంటి నిండుదనం తగులుతుంది, వెచ్చగా ఉంటుంది, తొడల మధ్య ముడతలు సాగడం మొదలవుతుంది.

రెండు మూడు ఈతలు అయిన గొర్రె ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచే పొదుగు చేస్తుంది. చివరి రెండు మూడు రోజుల్లో పొదుగు బిగుసుకుని, చర్మం నున్నగా మెరుస్తూ, చన్నులు పక్కలకి తిరుగుతాయి. అది కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకండి, ఈనే చోటు శుభ్రం చేయండి.

తొలిచూలు గొర్రెల విషయం వేరు. కొన్ని వారం పది రోజుల ముందు పొదుగు చేస్తాయి, కొన్ని చివరి రెండు రోజుల దాకా ఏమీ చూపించవు, ఇంకొన్నిటికి ఈనిన తర్వాతే పాలు దిగుతాయి. నేను ఒకసారి తొలిచూలు గొర్రెని పొదుగు లేదని ఖాళీవాటిలో కలిపేశాను. నాలుగో రోజు పొద్దున చూస్తే బురదలో పిల్ల, దాని పక్కన నిలబడి తల్లి. పిల్ల బతకలేదు. అప్పటి నుంచి తొలిచూలు గొర్రెని పొదుగు ఒక్కటే చూసి ఖాళీ అనడం మానేశాను, మీరూ అనకండి.

ఇక తలకిందులు మోసం కూడా ఉంది, అంటే పొదుగు ఉంటుంది, పిల్ల ఉండదు. కొన్ని రకాల క్లోవర్ గడ్డిలో ఆడ హార్మోను లాంటి పదార్థాలు ఎక్కువ. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ గడ్డి మేసిన గొర్రెలు చూడి కట్టడం మానేశాయి. అంతేకాదు, ఎన్నడూ దాటని గొర్రెలకి, వృషణాలు తీసేసిన మగ గొర్రెలకి కూడా పొదుగులు వచ్చాయి. బూజు పట్టిన గింజలు తిన్నా మానం (యోని బయటి భాగం) ఉబ్బి పొదుగు చేసినట్టు కనిపించొచ్చు. పాత పిల్ల ఇంకా దొంగతనంగా పాలు తాగుతున్నా పొదుగు నిండే ఉంటుంది, కాబట్టి ముందు మందలో పెద్ద పిల్లల మీద ఒక కన్నేయండి. ఒక పక్క గట్టిగా, గడ్డలా, ఎర్రగా, వేడిగా ఉంటే అది పొదుగువాపు, చూడికి గుర్తు కాదు.

పరీక్ష కోసమని చన్ను పిండకండి. చన్ను కొనని మూసి ఉంచే మైనం లాంటి బిరడా ఊడిపోతే క్రిములు లోపలికి వెళ్తాయి, పిల్లకి దక్కాల్సిన జున్నుపాలు కారిపోతాయి. పిండకపోయినా పొదుగు నిండితే తెలుస్తుంది.

సరిచూసుకోవడం: మూడు రోజులకోసారి వెనక నుంచి ఒకే ఎత్తులో, ఒకే దూరంలో ఫోటో తీయండి. మూడు ఫోటోలు పక్కపక్కన పెడితే కళ్లకి తెలియని మార్పు తెలిసిపోతుంది. నాకు బాగా పనికొచ్చిన అలవాటు ఇదే.

4. వెనక భాగం, డొక్కలు

ఖాళీ గొర్రె మానం చిన్నగా, ముడతలుగా, పొడిగా ఉంటుంది. ఈత దగ్గరపడేకొద్దీ అది ఉబ్బి, పొడవై, గులాబీ రంగుకి తిరుగుతుంది. తోక మొదలుకి రెండు వైపులా తాళ్లలాంటి లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) వేళ్లకి తగులుతాయి, ఈతకి ఒకటి రెండు రోజుల ముందు అవి మెత్తబడి దాదాపు దొరక్కుండా పోతాయి. పిల్ల కిందికి జారడంతో తుంటి ఎముకల ముందు డొక్కలు గుంట పడతాయి, నడుం దిగినట్టు కనిపిస్తుంది.

తెల్లటి చిక్కటి జిగురు కొంచెం కనిపిస్తే భయం లేదు. గోధుమ రంగులో, కుళ్లు వాసనతో ఏదైనా కారుతుంటే మిగతా మెట్లన్నీ వదిలేసి 8వ మెట్టు చదవండి.

ఒంటి వేడి మామూలుగా 39 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ ఉంటుంది. ఈనడానికి ముందు రోజు సుమారు అర డిగ్రీ తగ్గుతుంది, కానీ ఇది రోజూ ఒకే వేళకి చూసుకుంటూ వస్తేనే పనికొస్తుంది. ఒక్కసారి చూసిన అంకె ఏమీ చెప్పదు.

5. పొట్ట తడిమి చూడటం

గొర్రెకి ఎడమ పక్కంతా మేత నిండే పెద్ద పొట్ట ఉంటుంది, అందుకే ఎడమ పక్క ఉబ్బు చూసి మురిసిపోకండి. పిల్లని వెతకాల్సింది కుడి పక్క, కింద, పొదుగుకి ముందు.

పొద్దున్నే మేత వేయకముందు గొర్రెని గోడకి ఆనించి నిలబెట్టండి. రెండు చేతులూ పొట్ట కిందికి పోనిచ్చి, పొదుగు ముందు భాగాన్ని మెల్లగా పైకి ఎత్తి ఒక్కసారి వదలండి. నీళ్ల సంచిలో గట్టి వస్తువు ఉన్నట్టు, పైకి వెళ్లి మళ్లీ వచ్చి మీ వేళ్లకి తగిలిందంటే అది పిల్ల. రెండు మూడు సార్లు చేస్తే చాలు. గట్టిగా నొక్కడం, గుద్దినట్టు చేయడం వద్దు.

తగిలితే చూడి అని నమ్మొచ్చు. తగలకపోతే మాత్రం ఖాళీ అని నమ్మకూడదు. బలిసిన గొర్రెలో, బొచ్చు ఎక్కువున్న గొర్రెలో, ఒకే పిల్ల లోపలికి ఉన్నప్పుడు చేతికి ఏమీ అందదు. కడుపులో పురుగులు ఎక్కువై పొట్ట వేలాడే గొర్రెలు కూడా చూడిలాగే కనిపిస్తాయి. కింది కనురెప్ప దించి చూడండి, లోపల తెల్లగా పాలిపోయి ఉంటే, దవడ కింద నీరు దిగి ఉంటే ఆ పొట్ట పిల్లది కాకపోవచ్చు.

హెచ్చరిక: పొట్ట బాగా తెలుస్తుందని రాత్రంతా పస్తు పెట్టమని చెప్పేవాళ్లున్నారు. నిండు నెలల గొర్రెని పస్తు పెట్టొద్దు. కడుపులో ఇద్దరు ముగ్గురు పిల్లలున్న గొర్రె ఒక్కపూట తిండి తప్పినా, ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు అయిన కీటోసిస్‌లోకి జారిపోవచ్చు.

6. స్కానింగ్, రక్త పరీక్ష

అందుబాటులో ఉంటే ఇది అన్నిటికంటే తేలికైన దారి. పిల్లల్ని లెక్కపెట్టడానికి 45 నుంచి 90 రోజుల మధ్య చేయాలి గానీ, చూడి ఉందా లేదా అన్నంత వరకూ నెలలు నిండాక కూడా స్కానింగ్ పనిచేస్తుంది. చివరి రోజుల్లో పిల్ల పెద్దదై ముందుకి, కిందికి జారి ఉంటుంది, గజ్జల దగ్గర మాత్రమే చూస్తే కనపడకపోవచ్చు. పొట్ట కింద ముందు వైపు కూడా చూడమని అడగండి.

స్కాన్ చేసేవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. పిల్ల ఉందా? గుండె కొట్టుకుంటోందా? లేక నీళ్లు మాత్రమే ఉన్నాయా? నీళ్లు మాత్రమే ఉంటే అది అబద్ధపు చూడి. మేకల్లో ఎక్కువ, గొర్రెల్లోనూ ఉంటుంది. పొట్ట పెరుగుతుంది, ఒక్కోసారి పొదుగూ చేస్తుంది, చివరికి నీళ్లు పోయి అంతా తగ్గిపోతుంది.

మొదట్లో చేయించిన స్కాన్‌లో "ఖాళీ" అని రాశారని గుడ్డిగా నమ్మకండి. చూడి కట్టి 35-40 రోజులు కాకముందు చేస్తే తప్పిపోవచ్చు. స్కాన్ నాటికి పొట్టేలు ఇంకా మందలోనే ఉంటే ఆ తర్వాత కట్టి ఉండొచ్చు కూడా.

రక్త పరీక్షల్లో మాయ నుంచి వచ్చే ప్రొటీన్ చూసే పరీక్ష మంచిది. కాకపోతే ఈనిన తర్వాత, ఈచుకుపోయిన తర్వాత కూడా ఆ ప్రొటీన్ కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది, అంటే 2వ మెట్టు చూడకుండా ఈ ఫలితం నమ్మలేం. ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఒక్కటే చూసి చూడి అనకండి, ఎదకూ ఎదకూ మధ్యలో ఖాళీ గొర్రెలోనూ అది ఎక్కువగానే ఉంటుంది.

7. ఇవేవీ దొరక్కపోతే పొట్టేలుతో

సాధువైన పొట్టేలు రొమ్ముకి రంగు పూసి అనుమానపు గొర్రెల మధ్య వదిలి, 17 రోజుల పైన చూడండి. రంగు పడి, గొర్రె నిలబడి దాటించుకుంటే అది ఖాళీ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పొట్టేలు కుమ్మే రకమైతే ఈ పని చేయకండి. నిండు చూడి అని అనుమానం ఉన్నదాన్ని అసలు ఇందులో పెట్టకండి. ఇంకా, పగలు పొడవుగా ఉండే నెలల్లో ఎదకే రాని జాతులు చాలా ఉన్నాయి. అలాంటి వాటికి రంగు పడకపోవడం చూడికి సాక్ష్యం కాదు.

8. మూడు గుంపులుగా విడదీయండి

మొదటి గుంపు, టైం ఉన్నవి. లెక్క ప్రకారం ఇంకా గడువు ఉన్నవి, లేదా పొదుగులో మార్పు వస్తున్నవి. వీటికి చూడి గొర్రె మేతే వేయండి. అనుమానం ఉన్నంత కాలం ప్రతి గొర్రెనీ చూడిగానే చూడాలి, నాలుగు రోజుల దాణా పోతే పోయింది.

రెండో గుంపు, ఖాళీవి. పొట్టేలుని తీసేసిన రోజు నుంచి 155 రోజులు దాటాలి, వారం పైగా పొదుగులో మార్పు ఉండకూడదు, మానం పొడిగా ముడతలుగా ఉండాలి, పొట్టలో ఏమీ తగలకూడదు. నాలుగూ కలిస్తేనే ఖాళీ అనండి, తొలిచూలుదైతే దానికి తోడు స్కాన్ కూడా. ఏడెనిమిది గొర్రెల్లో ఒకటి ఇలా మిగిలితే ఆ గొర్రెలో కారణం వెతకండి, పళ్లు, ఒళ్లు, పాత పొదుగువాపు. సగం మంద మిగిలితే గొర్రెల్ని కాదు, పొట్టేలుని పరీక్ష చేయించండి.

మూడో గుంపు, చూడితో ఉండి ఆపదలో ఉన్నవి. వీటికి ఆ రోజే డాక్టరు కావాలి:

- ఉమ్మనీటి సంచి పగిలి, లేదా గట్టిగా ముక్కడం మొదలై గంట దాటినా పిల్ల రాకపోవడం
- అరరోజు పైగా లేస్తూ పడుకుంటూ నేల తవ్వుతూ ఉన్నా ఈత ముందుకి సాగకపోవడం, అంటే గర్భాశయ ద్వారం తెరుచుకోకపోయి ఉండొచ్చు
- కుళ్లు వాసన, గోధుమ రంగు స్రావం, లేదా వెనక నుంచి ఎర్రటి గడ్డలా బయటికి రావడం
- మేత మానేసి మందకి దూరంగా నిలబడటం, కళ్లు కనపడనట్టు గోడకి తల ఆనించడం, వణకడం, నోటి నుంచి గోళ్ల రంగు తుడిచే ద్రవం లాంటి తీపి వాసన. ఇది కీటోసిస్, కాల్షియం తగ్గినా దాదాపు ఇలాగే ఉంటుంది

పొదుగు చేసి, నిండి, ఈనకుండానే మళ్లీ జారిపోయిన గొర్రెకి పైన చెప్పినవేవీ లేకపోయినా స్కాన్ చేయించండి. లోపల పిల్ల చచ్చి ఎండిపోయి ఉండొచ్చు, అలాంటిది నెలల తరబడి అలాగే మోసే గొర్రెలున్నాయి.

నిజంగానే 155 దాటి, లోపల పిల్ల బతికే ఉండటం అరుదు. గొర్రెలో పురుడు మొదలుపెట్టేది పిల్లే, దాని ఒంట్లో పుట్టే హార్మోను కార్టిసాల్‌తో. పిల్ల మెదడు సరిగ్గా ఏర్పడకపోతే ఆ కబురు తల్లికి అందదు. అమెరికా పడమటి కొండల్లో పెరిగే వెరాట్రమ్ అనే మొక్కని కట్టిన 14వ రోజున తిన్న గొర్రెలు ఒంటికన్ను పిల్లల్ని గడువు దాటాక కూడా మోయడం ఇందుకే. ఇలాంటిది చేతి వైద్యంతో తేలే విషయం కాదు.

"ఇంజెక్షన్ వేసి ఈనిపిద్దామా?" అని కూడా అడుగుతుంటారు. కట్టిన తేదీ ఖచ్చితంగా తెలియకపోతే వద్దు. మీరు ఆలస్యం అనుకున్న గొర్రెకి నిజానికి 125 రోజులే అయి ఉంటే, బతకాల్సిన పిల్లని చంపినట్టవుతుంది. మేకలకి వాడే ప్రోస్టాగ్లాండిన్ నిండు చూడి గొర్రెలో నమ్మకంగా పనిచేయదు కూడా. తేదీ తెలిస్తే డెక్సామెథాసోన్ వాడాలా వద్దా అన్నది గొర్రెని చూశాక డాక్టరు చెప్పాలి.

9. ఖాళీ అని రాసుకున్నాక

రంగుతో గుర్తు పెట్టి, ఆ తేదీ నోట్‌బుక్‌లో రాసి, వెంటనే అమ్మకుండా ఇంకో 17 రోజులు కళ్ల ముందే ఉంచుకోండి. ఆ రోజుల్లో రెండుసార్లు పొదుగు పట్టి చూడండి, వెనక నుంచి ఫోటో తీయండి, పాత ఫోటోల పక్కన పెట్టండి. పొదుగులో కొంచెం నిండుదనం తగిలినా దాన్ని మొదటి గుంపులోకి మార్చి దాణా మళ్లీ పెంచండి, కాకపోతే ఒకేసారి కుప్పపోయకుండా నాలుగైదు రోజుల్లో మెల్లగా.